లోపలినుండి చూచిన మనస్సు

1953వ సంవత్సరమున రాయగడ ప్రాంతపు భూస్వాములును సాహుకార్లును కూడి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారికి ఒక మహజరు పంపుకొనిరి. తమ దురదృష్టముకొలది గోపీనాథ మహాంతి యను అధికారి రాయగడకు ప్రత్యేక సహాయ ఏజెంటుగా వచ్చిపడినాడనియు, ఏ తగవు వచ్చినను ఆయన కొండవారి పక్షమే వహించుచున్నాడనియు అందులోని మొర. కటకము జిల్లాలో 1914లో జన్మించి, 1938లో ఒడిశా పరిపాలనా సేవలో ప్రవేశించి, అవిభక్త కొరాపుట్ జిల్లాలోని కొండత్రోవలను ఏండ్ల తరబడి తిరిగిన మహాంతిగారు అప్పటికే ‘పరజా’ నవలను (1945) వెలువరించియుండిరి; కోంధుల జీవితమును చిత్రించిన ‘అమృతర సంతాన’కు, మహజరు వెళ్లిన రెండేండ్లకు, 1955లో, సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. పురిపండా అప్పలస్వామిగారు దానిని తెనిగించుటవలన తెలుగు పాఠకులకును ఆ లోకము పరిచితమే.

‘పరజా’లోని కథ చెప్పుకొన్నచో చిన్నది. శుక్రు జాని యను పరజ రైతునకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, కొంచెము భూమి, అంతులేని ఆశ. అటవీ రక్షకుని పగవలన జరిమానా పడుట, జరిమానా కట్టుటకై సాహుకారు వద్ద అప్పుచేయుట, అప్పు తీరుటకై ‘గోతి’ యను వెట్టిచాకిరిలో చిక్కుట, తాకట్టుపెట్టిన నేల చేజారుట, న్యాయస్థానమున ఓడుట, కట్టకడపట గొడ్డలి లేచుట — ఇంతే. ఈ సంఘటనల వరుస పోలీసు కాగితములలోనైనను ఇమిడియుండును. కాని చేను చదునుచేయుచు శుక్రు జాని ఏమి తలపోసెనో, రాబోవు పంటను ఏ కన్నులతో చూచెనో, అప్పుపత్రము మీద వ్రేలిముద్ర వేయుచున్నపుడు అతనికి ఏది అర్థమై ఏది కాలేదో, ఆ కాగితములు చెప్పజాలవు. పాఠకుడు కొన్నివందల పుటల పాటు ఆ మనస్సులో కాపురముండవలసివచ్చును గనుక, న్యాయస్థానపు ఘట్టమునకు చేరునప్పటికి అతనికి రెండు సంగతులు ఒక్కసారి గోచరించును: అచ్చట ఏమి జరుగుచున్నదో ఆ కుటుంబమునకు తెలియదు, ఆ కుటుంబము ఏమి అనుకొనుచున్నదో న్యాయస్థానమునకు తెలియదు. తెలియకపోవుట ఇరువైపుల సమానమే. అయినను తెలివితక్కువవారన్న పేరు ఒక్క వైపువారికే వచ్చును. ఏలయన తీర్పు వ్రాయు కలము రెండవ వైపున ఉన్నది.

ఆటిజమును గూర్చి వ్రాయబూని ఈ నవలను ముందుగా తలచుటకు ఆ ఘట్టమే కారణము. కొండవారిని ఆటిజము కలవారితో పోల్చుట నా ఉద్దేశము కానేకాదు. అట్టి పోలిక ఇరువురికిని అన్యాయము. ఒక మనస్సు వేరొక మనస్సును బయటినుండి చూచి లెక్కకట్టునపుడు జరుగు పొరపాటు ఎట్టిదో, దానిని నవల యెట్లు సవరింపగలదో తెలిసికొనుటకు కొరాపుట్ సీమవారు దూరము పోనక్కరలేదని మాత్రమే నేను చెప్పదలచినది.

ఆటిజము అంటువ్యాధి కాదు, పెంపకపు దోషము కాదు. మెదడు ఎదుగు తీరులోనే పుట్టుకనాటినుండి ఉండు ఒక భేదము. ఇతరులతో మాటయు చూపును కలుపు పద్ధతి వేరుగా నుండుట, ఒకే పనియందో ఒకే విషయమునందో గాఢముగ మునిగిపోవుట, నిత్యక్రమము తప్పినచో తల్లడిల్లుట, శబ్దము వెలుతురు స్పర్శ మున్నగువానికి ఇతరులకంటె మిక్కిలి ఎక్కువగానో తక్కువగానో స్పందించుట — ఇవి దాని ముఖ్యలక్షణములు. ఇవి అందరిలో ఒకే పాళ్లలో ఉండవు. మాట బొత్తిగా రానివారును, విశ్వవిద్యాలయములలో పాఠము చెప్పువారును ఇందున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున 127 మందిలో ఒకరు ఆటిజము కలవారు.

దీని చరిత్ర చాలకాలము బయటివారు వ్రాసిన చరిత్ర. బాల్టిమోరు నగరమున లియో కానర్ అను పిల్లల మనోవైద్యుడు పదునొకండుగురు బాలబాలికలను గూర్చి 1943లో ప్రకటించిన పత్రము దానికి ఆరంభమని చెప్పుదురు. మరుసటి యేడే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇట్టి పిల్లలనే వర్ణించెను. వీరిరువురికంటె ముందు, 1920ల నడుమనే, మాస్కోలో గ్రున్యా సుఖరేవా యను వైద్యురాలు ఆ లక్షణములను చక్కగా గుర్తించి వ్రాసియుండెను గాని లోకము ఆమెను చాలకాలము తలపలేదు. కానర్ పరిశీలన సూక్ష్మమైనది. కాని ఆ వెనుక వచ్చిన వ్యాఖ్యానము క్రూరమైనది. కన్నవారి, అందునను తల్లి, మనస్సులో మమత లేకపోవుటచే బిడ్డ తనలోకి ముడుచుకొనిపోయినాడను వాదము రెండు దశాబ్దములకు పైగా పాశ్చాత్యదేశములలో రాజ్యమేలెను. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దానికి ఒక పెద్ద గ్రంథమే కట్టిపెట్టెను. ఎందరు తల్లులు ఈ నిందను మోసికొని బ్రతికిరో! ఆటిజము గల కుమారుని తండ్రియు, మనస్తత్త్వవేత్తయు అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఆ వాదమును ఖండించెను; 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అనువారు కవలలపై జరిపిన పరిశోధన వంశానుగత కారణములు బలమైనవని నిరూపించెను. నింద శాస్త్రగ్రంథములనుండి తొలగినది. మన ఇండ్లలో, “తల్లి సరిగా పట్టించుకోలేదు” అను మాటగా, ఇంకను మిగిలియున్నది.

1985లో లండనునందు సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ అను మువ్వురు ఒక చిన్న పరీక్ష చేసిరి. సాలీ యను బొమ్మ తన గోలీని బుట్టలో దాచి వెలుపలికి పోవును. అది లేని సమయమున ఆన్ అను బొమ్మ ఆ గోలీని తీసి పెట్టెలో పెట్టును. సాలీ తిరిగివచ్చి గోలీకై ఎచ్చట వెదకును? బుట్టలో వెదకుననుట సరియైన సమాధానము, ఏలయన గోలీ చోటు మారినదని సాలీకి తెలియదు. ఆటిజము గల ఇరువదిమంది పిల్లలలో పదునారుగురు పెట్టెను చూపిరి. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలోను, ఇతర పిల్లలలోను అత్యధికులు బుట్టను చూపిరి. ఇతరుల మనస్సులో ఏమున్నదో ఊహించు శక్తి ఆటిజము కలవారియందు లోపించినదను సిద్ధాంతము ఈ గోలీనుండి పుట్టి, పాఠ్యగ్రంథములను ఆక్రమించెను. భాషాజ్ఞానము ఎక్కువగా గల పిల్లలు ఇట్టి పరీక్షలలో నెగ్గుచున్నారనియు, ప్రశ్నలోని వాక్యనిర్మాణమే కొందరికి అడ్డమగుచున్నదనియు తరువాత తేలినను, సిద్ధాంతపు నీడ అంత త్వరగా తొలగలేదు.

ఈ లెక్కలో ఒక పక్షము తప్పిపోయినదని మొదట గట్టిగా చెప్పినవాడు తాను స్వయముగా ఆటిజము గల ఆంగ్ల సమాజశాస్త్రవేత్త డేమియన్ మిల్టన్. ఆటిజము గల మనుష్యుడు ఇతరులను అర్థము చేసికొనలేకపోవుట నిజమే యనుకొందము. ఆ ఇతరులు అతనిని అర్థము చేసికొనుచున్నారా? అపార్థము రెండు వైపులనుండి పుట్టుచుండగా లోపము ఒక్కరికే అంటగట్టుట ఏమి న్యాయమని ఆయన 2012లో అడిగెను. కేథరిన్ క్రాంప్టన్ మొదలైన ఎడింబరో పరిశోధకులు 2020లో దీనిని పరీక్షకు పెట్టిరి. ఎనమండుగురిని ఒక వరుసగా చేసి, మొదటివారికి ఒక కథ చెప్పి, ఒకరినుండి ఒకరికి దానిని చేరవేయించిరి. అందరును ఆటిజము కలవారే అయిన వరుసలలో కథ ఎంత నిలిచినదో, అందరును లేనివారే అయిన వరుసలలోను అంతే నిలిచినది. ఇరువురును కలిసిన వరుసలలోనే వివరములు ఎక్కువగా రాలిపోయినవి. 2025లో ఇంకను పెద్దదిగా జరిపిన పరిశోధనలో మిశ్రమ వరుసలలోని ఆ నష్టము మరల కనబడలేదని కూడ చెప్పవలెను. ఆటిజము కలవారు సంగతిని చేరవేయుటలో వెనుకబడినవారన్న మాట మాత్రము రెండింటియందును నిలువలేదు.

ఈ ఆలోచన తెలుగువారికి, విశేషించి గుణుపురము పర్లాకిమిడి ప్రాంతములవారికి, క్రొత్తగా తోచనక్కరలేదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పదలచి, వారు తెలుగో ఒడియాయో నేర్చుకొని రావలెనని కూర్చుండలేదు. సవర వచ్చినవానిని ఇంట పెట్టుకొని ముందుగా తామే సవర నేర్చిరి, వ్యాకరణము కట్టిరి, నిఘంటువు కూర్చిరి, తమ ఖర్చుమీద బడులు పెట్టిరి. అర్థము చేసికొనవలసిన భారము మొదట ఎవరిదను ప్రశ్నకు అంతకంటె సూటియైన సమాధానము నాకు తెలియదు.

ఇక నవల. ఆంగ్ల రచయిత మార్క్ హాడన్ 2003లో ప్రకటించిన ‘ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్-టైమ్’ యందు కథ చెప్పువాడు క్రిస్టఫర్ అను పదునైదేండ్ల బాలుడు. పొరుగింటి కుక్క చచ్చి పడియుండుటతో కథ మొదలగును. పోలీసు వచ్చి వాడిని ప్రశ్నించును. ఆ ఘట్టమును బయటినుండి చూచినచో ఇంతే కనబడును: అడిగినదానికి సరిగా బదులు చెప్పక ఒక కుర్రవాడు నేలమీద పడుకొని, నొసలు గడ్డికి ఆనించి, మూలుగసాగెను, లేవదీయబోయిన పోలీసును కొట్టెను. ఏ ఠాణాలోనైనను దీనికి ఒకే అర్థము. కాని కథ వాని నోటనే జరుగుచున్నది గనుక మనకు వేరొకటి తెలియును. ప్రశ్నలు మరీ ఎక్కువగా, మరీ వేగముగా వచ్చుచున్నవి. రొట్టెల కార్ఖానాలో రొట్టెలు వచ్చిపడుచుండగా వానిని కోయు యంత్రము తగినంత వేగముగా నడువకున్నచో వెనుకవి గుట్టపడునట్లు, అవి వాని తలలో పేరుకొనుచున్నవి. మూలుగు వెలుపలి లోకపు రొదను అడ్డగించుటకు వాడు వేసికొన్న తెర. ఆ సమయమున అపరిచితుని చేయి తనమీద పడుట వానికి భరింపరానిది. ఈ నాలుగు పుటలు చదివినవాడు, రాయగడ సంతలో మైకు హోరునకు చెవులు మూసికొని నేలను పొర్లాడు పిల్లవానిని చూచినపుడు, “మొండివాడు” అను మాట నాలుకమీదికి వచ్చినను ఒక్క క్షణము ఆగును. ఆ వేళ తల్లికి కావలసినది కూడ జనము ఆ ఒక్క క్షణము ఆగి, కొంచెము ఎడమిచ్చుటయే.

ఆ క్షణము నిజముగా కలుగునా, లేక గ్రంథప్రియులు తమ వ్యసనమును గొప్పచేసికొనుచున్నారా యని పరిశోధకులు అడుగకపోలేదు. డేవిడ్ కిడ్, ఇమాన్యుయేల్ కస్టానో అనువారు 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక ఫలితమును ప్రకటించిరి: సాహిత్యగుణము గల కథాభాగములను కొలదిసేపు చదివినవారు, కన్నుల ఛాయాచిత్రములను మాత్రము చూచి ఎదుటివారి భావమును ఊహించుటలో మెరుగుపడిరట. పత్రికలు దానిని ఎత్తుకొన్నవి. 2016లో ఇతరులు మరల చేసిచూడగా ఆ ఫలితము రాలేదు. ‘నేచర్’, ‘సైన్స్’ పత్రికలలోని 21 సామాజిక శాస్త్ర ప్రయోగములను మరల జరిపి 2018లో ప్రకటించిన పరిశోధనలో 13 నిలిచినవి, ఇది నిలువలేదు. అదే యేడు ఇట్టి 14 పరిశోధనలను కలిపి గణించినవారికి కల్పనాసాహిత్యపఠనమువలన లాభము కొంచెముగా మాత్రము కనబడెను. కొంచెమే యగుట నాకు ఆశాభంగము కలిగింపలేదు. అరగంట చదువుతో మనిషి మారునని నవలాకారులెవరును మాట యియ్యలేదు. శుక్రు జాని యింట పాఠకుడుండునది వారముల తరబడి.

నాకు ఎక్కువగా నచ్చిన పరిశోధన వేరొకటి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయమునకు చెందిన మెలిస్సా చాపిల్ మొదలైనవారు, ఆటిజము గల పెద్దలను లేని పెద్దలను జతలుగా చేర్చి, జాన్ స్టైన్‌బెక్ రచించిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ (1937) అను చిన్న నవలను చదివించిరి. ఎవరికి వారు చదువుచు తమకు తోచినది దినచర్యగా వ్రాసికొనవలెను. పిదప జతగా కూర్చుండి దానినే మాటాడుకొనవలెను. పాల్గొన్నవారు కొలదిమందే, కావున దీనిని లెక్కల రుజువుగా చూపరాదు. అయినను అందు జరిగినది గమనింపదగినది. తమ తమ మనస్సులను గూర్చి ముఖాముఖి అడిగినచో బిగుసుకొనిపోవువారు, మూడవవాడైన ఒక పాత్రను నడుమ పెట్టుకొని, వాని వేదనను గూర్చి మాటాడుచు, ఒకరి కొకరు తెరచుకొనిరి. ఎదుటివారిని ‘ఆటిజము కలవారు’, ‘లేనివారు’ అను జాతులుగా గాక ఒక్కొక్క మనుష్యునిగా చూడనేర్చిరి. ఆటిజము కలవారికి ఊహయు సానుభూతియు తక్కువ, నవలలు వారికి రుచింపవు అను నమ్మకము ఈ పుటలముందు నిలువదు.

ఇచ్చట ఒక ప్రమాదమును దాచరాదు. హాడన్ నవల లక్షలాదిమంది చదివిన పిమ్మట, ఆటిజము అనగానే గణితమున దిట్టయై, మాటలు స్పష్టముగా వచ్చి, తాకినచో అరచు తెల్లజాతి మగపిల్లవాడు స్ఫురించుట మొదలయ్యెను. తన పుస్తకము ఆ విషయమును బోధించుటకై వ్రాసినది కాదనియు, తాను అందు నిపుణుడను కాననియు హాడనే చెప్పుకొనెను. ఒక్క నవల ఒక్క మనిషిని చూపును; దానిని అందరికి కొలబద్ద చేసినచో మరల బయటినుండి చూచుటయే అగును. కావున రెండవది చదువవలెను. ఆటిజము గల కుమారుని పెంచిన ఎలిజబెత్ మూన్ వ్రాసి, 2003 సంవత్సరపు నెబ్యులా పురస్కారము పొందిన ‘ద స్పీడ్ ఆఫ్ డార్క్’ అందుకు తగినది. అందలి నాయకుడు లూ ఉద్యోగము చేసికొనుచు, కత్తిసాము నేర్చుకొనుచు, తన బ్రతుకు తాను బ్రతుకుచున్న పెద్దవాడు. ఆటిజమును పోగొట్టు చికిత్స యొకటి వచ్చినదని యజమానులు ఒత్తిడి చేయగా, అది పోయిన పిదప మిగులువాడు తానేనా యని అతడు ఆలోచించును. బిడ్డకు ‘నయము’ చేయుమని వైద్యుని వేడుకొను తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. కాని బిడ్డ ఎదిగి ఈ ప్రశ్న అడుగవచ్చునని వారికి ముందుగా తెలియుట మేలు.

కొరాపుట్, రాయగడ జిల్లాలలో ఈ సంగతికి స్థానికమైన చిక్కులు కొన్ని కలవు. 1936 ఏప్రిల్ వరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందినదగుటచే ఇచ్చట తెలుగు కుటుంబములు తరతరములుగా ఉన్నవి. ఇంట తెలుగు, బడిలో ఒడియా, వీధిలో దేశియా, సంతలో కువి. మూడేండ్లు నిండియు బిడ్డకు మాట రాకున్నచో, “ఇన్ని భాషల మధ్య తికమక పడుచున్నాడు, తానే వచ్చును” అని పెద్దలు ఊరడింతురు. ఆ ఊరడింపులో విలువైన రెండేండ్లు గడచిపోవును. పేరు పిలిచినను తిరిగి చూడకపోవుట, కావలసినదానిని వ్రేలితో చూపకపోవుట, పెద్దలు చూపినవైపు చూపు త్రిప్పకపోవుట — ఇవి భాషల తికమకవలన కలుగునవి కావు. దీనికి తోడుగా మరియొక పొరపాటు: ఆటిజమని తేలిన పిదప, “ఇంట తెలుగు మానివేయుడు, ఒకే భాష మాటాడుడు” అను సలహా. రెండు భాషల నడుమ పెరుగుట ఆటిజము గల పిల్లల భాషాభివృద్ధికి హాని చేయుచున్నట్లు పరిశోధనలలో కనబడలేదు. అమ్మమ్మ జోలపాటను ఆ బిడ్డకు దూరము చేయుటకు శాస్త్రమున ఆధారము లేదు.

మన దేశమున ఆటిజమును నిర్ధారించి ధ్రువపత్రము ఇచ్చుటకు వాడు కొలమానమును సికిందరాబాదు మనోవికాసనగరులో 1984లో వెలసిన జాతీయ సంస్థ రూపొందించినది. అందు నలువది అంశములు, ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వరకు అంకెలు. మొత్తము 70 గాని అంతకు మించి గాని వచ్చినచో ఆటిజమని ఎంచుదురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజమొకటి గనుక ఈ అంకెమీద కుటుంబపు హక్కులు ఆధారపడియున్నవి. దాని అవసరమును తక్కువచేయుట నాకు సమ్మతము కాదు. అయినను ఆ పట్టికలోని మొదటి అంశమునే చూడుడు: కన్నులలోనికి సరిగా చూడకపోవుట. పెద్దల కన్నులలోనికి సూటిగా చూచి మాటాడుట మర్యాద కాదని నేర్పు ఇండ్లు మనలో ఎన్ని లేవు! అది మర్యాదయో ఆటిజమో పోల్చుటకు అనుభవము గల పరీక్షకుడు చాలును. కాని చూడకపోవుటకు లోపలి కారణమేమో పట్టికలో గడి లేదు. ఎదుటి ముఖము నిమిషమునకు నూరు సంగతులు చెప్పుచుండగా దానిని చూచుచు మాట వినుట తమకు శక్యము కాదనియు, చూపు త్రిప్పుకొన్నప్పుడే చక్కగా వినగలమనియు ఆటిజము గల రచయితలు పలువురు వ్రాసినారు. “నా వైపు చూడు, అప్పుడు చెప్పు” అని గద్దించు ఉపాధ్యాయుడు, తెలియకయే, ఆ బిడ్డ చెవిని మూయుచున్నాడు.

కావున అంగన్వాడీ కార్యకర్తలకు, ఆశా కార్యకర్తలకు, బడిపంతుళ్లకు శిక్షణ జరుగునపుడు నలువది అంశముల పట్టికతోబాటు ఒక నవలాభాగమును కూడ చదివింపవలెనని నా కోరిక. మొదట ‘పరజా’లోని న్యాయస్థానపు ఘట్టము — తమ కొండలలో, తమ యెరుకలోని మనుష్యుల నడుమ, రెండు మనస్సులు ఒకదాని నొకటి ఎట్లు తప్పిపోయినవో చూచుటకు, పిదప క్రిస్టఫర్‌ను పోలీసు ప్రశ్నించు పుటలు, ఇచ్చటి భాషలోనికి తెచ్చి. గట్టిగా చదువువారు ఒకరు, ఆపి అడుగువారు ఒకరు ఉన్నచో ఒక మధ్యాహ్నము చాలును. ఆ కూటమిలో పిల్లల తల్లులు ఉండవలెను. ఆటిజము గల పెద్దలు ఉండవలెను, రచయిత ఏ పుటలో పొరపడినాడో చెప్పగలవారు వారే. గది చల్లగా, నిశ్శబ్దముగా ఉండవలెను, గొట్టపు దీపములు ఆర్పి కిటికీ వెలుతురు పెట్టుకొనవలెను. మాట రానివారు బొమ్మల పలకమీద వ్రేలుంచియో, ఫోనులో అక్షరములు నొక్కియో బదులు చెప్పుదురు. ఒక్కొక్క బదులునకు నాలుగైదు నిమిషములు పట్టవచ్చును, అంతవరకు రెండవ ప్రశ్న వేయరాదు.